దండుకి ఒకే నోరు

జూన్ 2, ఆదివారం

పత్రిక మూతపడి రెండు నెలలైంది. ఆదివారం మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండటం పెళ్ళయ్యాక ఇదే మొదలు కావచ్చు. ఎప్పుడూ ఏదో ఒక సభ, లేకపోతే ధర్నా, రెండూ లేనిరోజు ప్రెస్సులో ప్రూఫులు. ఇప్పుడు ముందుగదిలో కూర్చుని ఫ్యాను తిరగడం చూస్తున్నాను.

వెనకగదిలోంచి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "డాలు ఎడమకి. ఇంకొంచెం. ఆగు. విలుకాళ్ళు ఇప్పుడు కొట్టండి. మిగతావాళ్ళు కదలొద్దు." టీవీ అనుకున్నాను. కాసేపటికి తెలిసింది, మా ఆవిడ.

(వ్యాసాల్లో "సహచరి" అని రాస్తాను. ఇది ఎవరూ చదవరు.)

"ఏమోలే", "చూద్దాం", "నీ ఇష్టం". ఇన్నేళ్ళుగా నాకు తెలిసిన గొంతు అది. ఇది వేరే. తొందర లేదు, బతిమాలడం లేదు, మాట చివర దీర్ఘం లేదు. తలుపు తోశాను. తెర మీద పొగ, మంటలు, బొమ్మల గుంపు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఒక చెయ్యి ఎత్తింది, ఆగమని. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసేటప్పుడు పేషెంట్లను అలాగే ఆపుతుంది కాబోలు.

ఆగాను. ఆగినందుకు తర్వాత కోపం వచ్చింది.

జూన్ 4, మంగళవారం

వ్యాసం మొదలుపెట్టాను. పనిచేసేవాడి దగ్గర మిగిలిన ఆ కాస్త తీరికను కూడా కంప్యూటర్ ఆటల కంపెనీలు ఎలా దోచుకుంటున్నాయో. ఏ పత్రికకు అని అడిగితే జవాబు లేదు. అయినా రాస్తున్నాను.

ఎప్పటిలాగే ఆమెకు ఇచ్చాను. నా మొదటి పాఠకురాలు ఆమే, ప్రూఫులు దిద్దేదీ ఆమే. చదివి పక్కన పెట్టింది.

"నువ్వు ఎప్పుడైనా ఆడావా?"

"ఆడాల్సిన అవసరం ఏముంది?"

"చూడని నాటకం మీద సమీక్ష రాశాడని ఒకాయన్ని ఆరు నెలలు ఉతికి ఆరేశావు నువ్వు. పాపం, ఆయన ఊరే మారిపోయాడు."

"ఆయన మారింది బదిలీ అయి."

"ఆదివారం రా. నా దగ్గర ఇంకో బొమ్మ ఉంది, వైద్యుడు. ఊరికే పడుంది. మా దండులో ఒక వైద్యుడి చోటు ఖాళీ."

మా దండు అంది. ఆరేళ్ళుగా నడుపుతోందట. అదేదో బొమ్మలాట అనుకున్నాను ఇన్నాళ్ళూ. అడగలేదు. అడగకపోవడం ఆమె స్వేచ్ఛను గౌరవించడమని అనుకున్నాను.

జూన్ 9, ఆదివారం

చేరాను. పరిశోధన కోసం.

బొమ్మకు పేరు పెట్టమంది. "ప్రశ్న" అని పెట్టాను. నవ్వు ఆపుకోవడం కనిపించింది.

విషయం ఇది. నలభై మంది ఎవరి ఇళ్ళలో వాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. అందరి బొమ్మలూ ఒక గుహలోకి దిగుతాయి. లోపల మూడంతస్తుల మేడంత కొలిమి రాకాసి. దండులో ముద్దుపేరు "ముసల్ది". డాలు పట్టినవాడు దానికి ఎదురుగా నిలబడి దెబ్బలు తింటాడు. విలుకాళ్ళూ కత్తివాళ్ళూ పక్కల నుంచి కొడతారు. ప్రతివాడి పేరు పక్కనా ఒక పచ్చగీత, అది వాడి ప్రాణం. తరుగుతుంటే వైద్యులు నింపాలి. అందరూ చస్తే మళ్ళీ మొదటికి. నాలుగు నెలలుగా ఆదివారం మధ్యాహ్నం, బుధవారం సాయంత్రం వీళ్ళు ఇలా చస్తూనే ఉన్నారు.

జూలై పదహారున కంపెనీ ముసల్దాని బలం తగ్గించేస్తుందట. చేతకానివాడికి కూడా గెలుపు దక్కాలి, లేకపోతే చందా కట్టడం మానేస్తాడు. అంతకు ముందే, పూర్తి బలంతో ఉండగానే పడగొట్టాలని వీళ్ళ పట్టుదల.

నేను ముందుగదిలో, ఆమె వెనకగదిలో. ఆమె మాట గోడలోంచి ఒకసారి, ఒక క్షణం ఆగి హెడ్‌ఫోన్లలో ఇంకోసారి వస్తుంది.

"తగ్గించకముందు కొడితే ఏమిటి, తగ్గించాక కొడితే ఏమిటి?" అని అడిగాను.

డాలు పట్టే ఆయన, "ఎవరు పెద్దక్కా, ఈ కొత్తాయన?" అన్నాడు. సిటీ బస్సు నడుపుతాడు. డ్రైవరన్న అంటారు.

"మా ఆయన."

"అయ్యో, బావగారా," అంది ఒకావిడ. పళ్ళ డాక్టరు, వైద్యుల బృందానికి ఆమే మేస్త్రీ. "ఏమీ అనుకోకండి బావగారూ, మీరు నిజంగా ఉన్నారనుకోలేదు మేం. పెద్దక్క మర్యాద కోసం చెప్తోందేమో అనుకున్నాం."

నలభై మంది నవ్వారు. అప్పటినుంచి నేను బావగారిని. "ప్రశ్న" అని ఎవరూ పిలవరు. ఆడవాళ్ళను ఫలానావారి భార్యగా మాత్రమే గుర్తించే సంస్కారం మీద నేను రాసినన్ని పేజీలు ఎవరూ రాసి ఉండరు. అది తిరగబడితే స్వాగతించాల్సిందే. స్వాగతిస్తున్నాను.

జూన్ 12, బుధవారం

యుద్ధం మొదలయ్యాక దండుకి ఒకే నోరు. పెద్దక్కది. తక్కిన మైకులన్నీ మూసెయ్యాలి. చచ్చినవాడు కూడా నోరెత్తకూడదు.

ఇంకో పద్ధతి. అందరూ చచ్చాక మైకులు తెరుస్తారు, ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకుంటారు. ఇంకొకడి తప్పు చెప్పకూడదు. ముందు ఆమె చెబుతుంది. ఇదేదో ఆశ్రమంలా ఉంది. డ్రైవరన్న ఆలస్యంగా తిరిగిన సంగతి నేను కళ్ళారా చూశాను, చెప్పాను.

"ప్రశ్న గారూ, మీ తప్పు చెప్పండి," అంది పెద్దక్క.

గారు! పెళ్ళయిన కొత్తలో నన్ను మీరు అనవద్దని, సమానులం కాబట్టి నువ్వు అనే అనాలని పట్టుబట్టి అలవాటు చేసింది నేను.

"నాకేమీ కనిపించలేదు," అన్నాను. నిజంగానే కనిపించలేదు.

జూన్ 16, ఆదివారం

ముసల్దాని గుహకు కాపలా ఉండే చిన్న రాకాసిని చంపితే ఒక ఉంగరం దొరికింది. దొరికినవి ఎవరికి ఇవ్వాలో ఆమే చెబుతుంది. డ్రైవరన్నకు ఇచ్చింది. ఆ ఉంగరం కోసం రెండు నెలలుగా చూస్తున్న ఒక విలుకాడికి దక్కలేదు. లాయరతను. విలుకాళ్ళలో అందరికంటే ఎక్కువ కొట్టేవాడు అతనే. ఒక్కటే జబ్బు, నేల మీద మంటలు లేస్తుంటే ఇంకో రెండు బాణాలు వేద్దామని అక్కడే నిలబడతాడు, చస్తాడు.

తర్వాత నాకు విడిగా మెసేజి పెట్టాడు. "బావగారూ, మీ పుస్తకాలు చదివినవాణ్ణి. ఇక్కడ జరుగుతున్నదాన్ని ఏమంటారో మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

తెలివైన మనిషి.

జూన్ 17, సోమవారం

పొద్దున టీ దగ్గర అడిగాను.

"ఆ ఉంగరం డ్రైవరుకే ఎందుకు?"

"ఆయన చస్తే అందరూ చస్తారు కాబట్టి."

"ఆ మాట దండంతా కూర్చుని తేల్చుకోవచ్చుగా. ఓటు పెట్టొచ్చుగా."

"నచ్చనివాళ్ళు వెళ్ళిపోవచ్చు. ఎవర్నీ కట్టెయ్యలేదుగా."

"సరిగ్గా ఇదే మాట పత్రిక మూసేటప్పుడు మా యజమాని అన్నాడు. ఇదే మాట."

కప్పు కడిగి బోర్లించి డ్యూటీకి వెళ్ళిపోయింది. వాదనలో నాదే పైచేయి. మధ్యాహ్నం దాకా ఉత్సాహంగా ఉంది. మధ్యాహ్నం తర్వాత ఎందుకో లేదు.

జూన్ 20, గురువారం

వ్యాసం ముందుకు సాగలేదు. కళ్ళు మూసుకుంటే పచ్చగీతలు.

జూన్ 23, ఆదివారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

మూడుసార్లు చచ్చాం. నాలుగోసారి అంతా కుదిరింది. ఆమె మాట అనడానికీ నలభై మంది కదలడానికీ మధ్య సందు లేదు. నా వేళ్ళు కూడా ఆలోచించకుండా కదిలాయి. కాసేపు, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, హాయిగా ఉంది.

ముసల్దాని ప్రాణం నూటికి నాలుగు వంతులకు దిగింది. ఎప్పుడూ అంత కిందకు రాలేదట. నేలంతా మంటలు లేచాయి. అందరూ మంట తగలని రాళ్ళ మీదకు ఉరికారు. లాయరు కదలలేదు.

"లాయరుని వదిలేయండి. వైద్యులంతా డాలు మీద."

మామూలుగా అంది. గ్యాసు కట్టెయ్యమన్నంత మామూలుగా.

వదిలేయండి! ఆ మాట జీవితమంతా ఎవరి నోట విన్నానో నాకు తెలుసు. ఉద్యమం రోజుల్లో మిల్లు మూసినప్పుడు విన్నాను, పత్రిక మూసినప్పుడు విన్నాను. సంస్థ బతకాలంటే కొందరిని వదిలెయ్యక తప్పదు. ఆ కొందరు ఎప్పుడూ మనమే. లాయరుకి ప్రాణం పోశాను. మళ్ళీ పోశాను. తర్వాత వరసగా అందరికీ, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా లేకుండా పంచాను. మైకు తెరిచి, "ఎవరినీ వదిలేసే హక్కు ఎవరికీ లేదు," అన్నాను.

అదే సమయంలో ఆమె ఏదో అంది. గోడలోంచి నాకు వినిపించింది, ముసల్ది ఏ పక్కకు తిరుగుతుందో చెబుతోంది. నా మాట కింద పడి దండులో ఎవరికీ వినపడలేదు. డ్రైవరన్న గీత పచ్చ నుంచి ఎరుపయింది, ఎరుపు నుంచి ఖాళీ అయింది. డాలు పడ్డాక మిగతావాళ్ళు పడటానికి ఎంతోసేపు పట్టలేదు. లాయరు అందరికంటే చివర చచ్చాడు.

మైకులు తెరుచుకున్నాయి. ముందు ఆమె.

"తప్పు నాది. మనిషిని ఎందుకు వదిలేస్తామో కొత్తవాళ్ళకి ముందే చెప్పి ఉండాల్సింది."

"నేను కొంచెం దూరంగా నిలబడ్డానక్కా," అన్నాడు డ్రైవరన్న. అబద్ధం.

"బావగారి వంతు కూడా నేను చూసుకోవాల్సింది," అంది పళ్ళ డాక్టరు.

ఒకరి తర్వాత ఒకరు, నలభై మందీ నా పక్కనుంచి జాగ్రత్తగా నడిచిపోయారు. నా వంతు వచ్చింది.

"నాకు తప్పు కనిపించలేదు," అన్నాను. వినడానికి నాకే బాగోలేదు.

జూన్ 25, మంగళవారం

రాశాను. దండువాళ్ళంతా కబుర్లు రాసుకునే పేజీలో పెట్టడానికి. పత్రిక పోయాక ఇంత ఊపుగా రాసింది లేదు. నాయకత్వం వంతులవారీగా ఉండాలి, పంపకాలు ఓటు మీద జరగాలి, యుద్ధంలో ముగ్గురు సభ్యుల సంఘం మాట్లాడాలి. ఎవరి పేరూ ఎత్తలేదు. నాది వ్యక్తులతో తగాదా కాదు.

అలవాటు కొద్దీ ఆమెకు ఇచ్చాను. అలవాటు కొద్దీ అనే రాస్తున్నాను.

స్టవ్ కట్టేసి, చెయ్యి తుడుచుకుని, నిలబడే చదివింది.

"మూడో పేరాలో చెప్పిందే ఏడో పేరాలో మళ్ళీ చెప్పావు. ఒకటి తీసెయ్."

"అంతేనా?"

"బాగుంది. చాలా రోజులకి బాగా రాశావు."

"పెట్టనా?"

"నన్ను అడుగుతున్నావా?"

స్టవ్ మళ్ళీ వెలిగించింది. ఏడో పేరా తీసేసి పెట్టాను.

జూన్ 26, బుధవారం

యుద్ధానికి బదులు ఓటు. నా ప్రతిపాదన నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది. ప్రజాస్వామ్యం నాలుగు ఓట్లతోనైనా ప్రజాస్వామ్యమే.

ఆమెను మాట్లాడమన్నారు.

"సరే. ఓటు ఓటే. నడిపే అధికారాలు లాయరుగారి పేరు మీదకి మార్చాను. డ్రైవరన్నకి పగలంతా డ్యూటీ పడిన రోజు చేతులు వణుకుతాయి, ఆరోజు రెండో డాలుని దింపండి. ఆయన చెప్పడు, మనమే అడగాలి. డాక్టరుకి మధ్యలో పేషెంట్లు ఫోన్ చేస్తారు, అయిదు నిమిషాలు ఆగండి. నేను కొన్నాళ్ళు రాను. బాగా ఆడండి."

గోడ అవతల హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టిన చప్పుడు. విసిరికొట్టలేదు, పెట్టింది.

లాయరు వెంటనే మెసేజి పెట్టాడు: "చారిత్రాత్మకం బావగారూ."

జూన్ 27, గురువారం

పొద్దున "మీరు టీ తాగారా?" అంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

జూన్ 30, ఆదివారం

సంఘం: నేను, లాయరు, జిమ్ కోచ్ ఒకాయన.

"డాలు ఎడమకి," అన్నాను.

"కుడికి," అన్నాడు లాయరు.

"నా ఉద్దేశంలో మనం ముందు ఒక విషయం ఆలోచించాలి," అన్నాడు కోచ్.

"మీరు ముగ్గురూ తేల్చుకోండి, నేను ఈలోపల చచ్చి వస్తాను," అన్నాడు డ్రైవరన్న. చచ్చాడు.

తప్పులు చెప్పుకునేటప్పుడు ఇవాళ ఎవరూ తమ తప్పు చెప్పలేదు. అందరికీ పక్కవాడివి కనిపించాయి. కోచ్ పళ్ళ డాక్టరుని ఏదో అన్నాడు, "నోరు తెరిచి చూపించండి, ఆ నాలుకకి మందు వేస్తాను," అంది ఆమె. గంటసేపు తిట్టుకున్నాం. ముసల్ది గుహలో హాయిగా కూర్చుని ఉంది.

గోడ అవతల ఇస్త్రీ జరుగుతోంది. పెట్టె బల్లకి తగిలినప్పుడల్లా నా మాట తడబడింది.

ఏ కొత్త వ్యవస్థయినా మొదట్లో ఇలాగే ఉంటుంది. ఓపిక పట్టాలి.

జూలై 3, బుధవారం

సగం మంది రాలేదు. యుద్ధం జరగలేదు. ఓపిక పట్టాలి.

జూలై 4, గురువారం

పళ్ళ డాక్టరు ఫోన్ చేసింది.

"బావగారూ, నేను ఓటు మీకే వేశాను. తెలుసా మీకు?"

"తెలియదు."

"అంత బాగా రాశారు మీరు. చదువుతుంటే నేనేదో ఆరేళ్ళుగా బానిసలా పడున్నాననిపించింది. రెండు రోజులు పోయాక ఆలోచిస్తే ఒక్కరోజు కూడా అలా అనిపించిన గుర్తు లేదు. మా అమ్మ పోయినప్పుడు పెద్దక్క రోజూ ఫోన్ చేసేది. ఇప్పుడు నా ఫోన్ ఎత్తట్లేదు. ఒక్కసారి ఎత్తమని చెప్పండి. డ్రైవరన్న కూడా మానేశాడు. ఇంక ఎవరి కోసం రావాలి అంటున్నాడు."

చెప్తానన్నాను. చెప్పలేదు. ఈ పూట ఆమె అలిసిపోయినట్టు కనిపించింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

జూలై 7, ఆదివారం

బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. వెళ్ళి నిలబడ్డాను.

"పదహారుకి ఇంకా టైముంది. నువ్వు వస్తే అందరూ వస్తారు. ఆ ఓటు నేనే రద్దు చేయిస్తాను."

"ఎలా రద్దు చేస్తావు? ఇంకో వ్యాసం రాసా?"

"నేను అడిగింది తప్పు కాదు. అడిగిన తీరు—"

"తప్పని ఎవరన్నారు? సగం నిజమే రాశావు. ఆ పంపకాల గురించి నాకూ అనుమానాలున్నాయి. ఇంకెవరైనా లేచి అడిగి ఉంటే కూర్చుని మాట్లాడేదాన్ని. నీతో ఏం మాట్లాడను? భోజనం దగ్గర మొదలుపెడితే పడుకునేదాకా వదలవు. చివరికి అలిసిపోయి సరే అంటాను. అది నేను ఒప్పుకున్నట్టు నీ లెక్క. ఈ ఇంటికి మారడం అలాగే, నేను ల్యాబు ఇన్‌చార్జి పోస్టు వద్దనడం అలాగే, పిల్లలు వద్దనుకోవడం అలాగే."

"అది ఇద్దరం కలిసి అనుకున్నాం."

"అవును. కలిసే. నువ్వు చాలా బాగా మాట్లాడావు ఆరోజు."

కుళాయి కింద మగ్గు నిండిపోయి ఆమె పాదాల మీద నీళ్ళు కారుతున్నాయి. చూసుకోలేదు.

"వారానికి రెండు పూటలు. నేనొక మాట అంటే, ఎందుకు అని అడగకుండా నలభై మంది చేసేవాళ్ళు. అది మంచిది కాదనుకో. నీ పుస్తకాల్లో చదివాను. అయినా నాకు కావాల్సొచ్చింది. అక్కడికి కూడా ఇల్లు తీసుకొచ్చావు నువ్వు."

ఇంత అంటుంటే నాకు తట్టిందేమిటంటే, మళ్ళీ నువ్వు అంటోంది. సంతోషం వేసింది. ఏం మనిషిని.

జూలై 8, సోమవారం

పిల్లల మాట అన్యాయం. అప్పటి పరిస్థితి వేరు. నా మీద కేసులు ఉన్నాయి, ఇద్దరికీ స్థిరమైన జీతం లేదు, ఉద్యమంలో ఉన్నవాళ్ళు ఇలాంటి నిర్ణయాలు చాలామంది తీసుకున్నారు. ఆమె స్వయంగా, నాకు బాగా గుర్తుంది, "నువ్వు చెప్పింది నిజమే" అంది. "నువ్వు చెప్పింది నిజమే" అనడం ఒప్పుకోవడం కాకపోతే మరేమిటి? అప్పుడే కాదని ఉండవచ్చు. గట్టిగా కాదని ఉంటే నేను వినేవాణ్ణి. వినేవాణ్ణా? వినేవాణ్ణి. ఆమె అనలేదు. అననిదానికి నన్ను బాధ్యుణ్ణి చేస్తే ఎలా?

పైన రాసింది మళ్ళీ చదివాను. తిరుగులేని వాదన. ఎదురుగా ఎవరూ లేరు.

జూలై 10, బుధవారం

దండు పేజీలో క్షమాపణ రాసి పెట్టాను. ఆరు పేరాలు. ఆమెకు చూపించలేదు. ఎవరో బొటనవేలి గుర్తు పెట్టారు. సాయంత్రం లాయరు ఫోన్ చేసి, "ఇంత మంచి ఉద్యమాన్ని మధ్యలో వదిలేస్తే ఎలా బావగారూ?" అన్నాడు.

వదిలేస్తే. అతని నోట ఆ మాట విని ఫోన్ పెట్టేశాను.

జూలై 16, మంగళవారం

ఇవాళ బలం తగ్గించారు. ఆమె ఎప్పటిలాగే డ్యూటీ నుంచి వచ్చింది, స్నానం చేసింది, వెనకగది వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది.

ఆరోజు లాయరుకి ప్రాణం పోసింది జాలితో కాదు. అప్పటికి అతని మీద నాకు జాలి లేదు, గౌరవం లేదు. సిద్ధాంతమూ కాదు. మిల్లు, పత్రిక అన్నీ తర్వాత గుర్తొచ్చాయి, రాస్తున్నప్పుడు. ఆమె వద్దంది. అందుకే చేశాను.

జూలై 17, బుధవారం

నిన్నటి పేజీ చింపాలనుకున్నాను. చింపలేదు.

జూలై 21, ఆదివారం

ముసల్ది చచ్చింది.

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. పాత దండులో సగం మంది, తక్కినవాళ్ళు లాయరు ఎక్కడినుంచో పోగుచేసిన కొత్తవాళ్ళు. డాలు పట్టినవాడి పేరు కూడా తెలియదు. మధ్యలో లాయరు మైకు తెరిచిపెట్టి ఎవరో క్లయింటుతో వాయిదా గురించి మాట్లాడాడు. కోచ్ పాటలు పెట్టాడు. నేలంతా మంటలు లేచాయి, లాయరు అందులోనే నిలబడ్డాడు. అతని గీత కాస్త కదిలి ఆగిపోయింది. నేను అందరికీ సమానంగా వైద్యం పంచాను. ఎవరికీ అక్కర్లేకపోయింది. మొదటిసారికే ముసల్ది మోకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగింది. అంత పెద్దది, పడేటప్పుడు చప్పుడు కూడా సరిగ్గా చెయ్యలేదు.

అందరూ అరిచారు. "బావగారూ, నాలుగు ముక్కలు మాట్లాడండి," అన్నారు. మైకులన్నీ మూసుకున్నాయి. నాలుగు ముక్కలంటే నాలుగు గంటలు మాట్లాడగలవాణ్ణి.

"అందరికీ అభినందనలు," అన్నాను.

ఇంకేదో వస్తుందని కాసేపు చూసి, దొరికిన వస్తువులకు ఓట్లు మొదలుపెట్టారు. బయటికి వచ్చేశాను.

ఆమె మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని కూర్చుంది.

"పడిపోయింది," అన్నాను.

"గోడ ఇవతలికి వినపడింది."

"లాయరు మంటల్లోనే నిలబడ్డాడు. ఏమీ కాలేదు."

నవ్వింది. నిజంగానే నవ్వింది. "ఇప్పుడు మంచమేసుకుని పడుకున్నా ఏమీ కాదు," అంది.

ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చింది. దుప్పటి ఒక కొస నాకు అందించింది, రెండో కొస తను పట్టుకుంది.

"ఆరోజే పడేది," అన్నాను. "నాలుగు వంతులే మిగిలింది. నేను నీ మాట విని ఉంటే పడేది. నువ్వు వద్దన్నావని చేశాను. ఇంకే కారణం లేదు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"అప్పుడే. నీతో ఇన్నేళ్ళు ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలియదా?"

దుప్పటి మడిచి పక్కన పెట్టింది. రేపటికి కూరగాయలు లేవంది. డాక్టరు ఫోన్ చేసిందని, ఎత్తానని అంది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

"మళ్ళీ మొదలుపెడతారా మీరు?"

"పెడితే పెడతాం మేం."

ఆ "మీరు", "మేం"లో నేను లేనని అర్థమైంది. ఎక్కడున్నానో అర్థం కాలేదు.

"ఏదో ఒకటి అను," అన్నాను. "తిట్టు. వాదించు నాతో. ఇలా ఊరుకుంటే ఎలా?"

"దేనికి? గెలిచేది నువ్వేగా."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. జవాబు తట్టింది. మంచి జవాబే, మూడు భాగాలుగా, వరసగా పేర్చుకుని వచ్చింది. ఆమె ఇంకో దుప్పటి దులిపి నా వైపు చాపింది. ఏమీ అనకుండా కొస అందుకున్నాను.